చేతులావిడ

మొదటి పాఠానికి నలభై ఒక్క వ్యాఖ్యలు వచ్చాయి. వాటిలో ఇరవై తొమ్మిది చేతుల గురించి. నా గొంతు గురించి మూడు. ఆ మూడింటిలో ఒకటి, "మేడమ్ కాస్త నిదానంగా మాట్లాడితే బాగుండేది" అని.

ఇంత లెక్క ఎందుకు వేశావని అడక్కండి. కడుపు మండుతున్న మనిషికి లెక్కలు వాటంతటవే వస్తాయి.

నేను యూనివర్సిటీలో జీవశాస్త్రం చెబుతాను. పందొమ్మిదేళ్ళ నుంచి చెబుతున్నాను. క్లాసుకి రాకుండా ఇంటి దగ్గరే ఉండి చదువుకునే విద్యార్థుల కోసం ప్రాక్టికల్స్ అన్నీ ఆన్‌లైన్ పాఠాలుగా తయారు చెయ్యాలని మా డిపార్ట్‌మెంట్ అనుకున్నప్పుడు ఆ పని నాకిచ్చారు. మొత్తం పన్నెండు పాఠాలు. పాఠానికొక వీడియో, దాని కింద ప్రశ్నలు, విద్యార్థి ఇంటికి పంపే ఒక అట్టపెట్టె. పెట్టెలో అరచేతిలో పట్టే మైక్రోస్కోపు, గాజు స్లైడ్లు, సూది, రంగు సీసా ఉంటాయి. విద్యార్థి వీడియో చూస్తూ తన ఇంట్లో బల్ల మీదే ప్రయోగం చేసుకుని, కనబడినదాన్ని ఫోన్‌తో ఫొటో తీసి మాకు పంపాలి. స్క్రిప్టు నాది. ప్రశ్నలు నావి. ఏ మాట దగ్గర ఏ బొమ్మ రావాలో ఆరు నెలలు తల బద్దలు కొట్టుకుని రాసింది నేను. గొంతు నాది. చేతులు మాత్రం మా తోడికోడలివి.

కెమెరా బల్లకి సరిగ్గా పైన వేలాడుతుంది. అందులో మోచేతుల దాకా చేతులే పడతాయి, మొహం పడదు. మా ల్యాబ్ టెక్నీషియన్ తనే కాబట్టి తన చేతులే పెట్టాం. ఇందులో ఆలోచించడానికి ఏముందనుకున్నాను. బల్లని ఎవరైనా పొగుడుతారా? సూదిని ఎవరైనా పొగుడుతారా? చేతులూ అంతే కదా.

"ఆ చేతులు ఎవరివండీ? పువ్వుని కోస్తున్నట్టు లేదు, పువ్వే విచ్చుకుని లోపలిదంతా చూపిస్తున్నట్టుంది" అని ఒక అమ్మాయి రాసింది. "చేతులావిడకి మా ఇంటిల్లిపాదీ అభిమానులం" అని ఇంకొకడు రాశాడు. అంతే, ఆ పేరు అంటుకుపోయింది. రెండో పాఠం కూడా వచ్చేసరికి క్యాంపస్‌లో పిల్లలు కూడా ల్యాబ్ తలుపు దగ్గరికొచ్చి "చేతులావిడ ఉన్నారా?" అని అడగడం మొదలుపెట్టారు. ఒకరిద్దరు చేతులకి ఫొటోలు కూడా తీసుకున్నారు. పక్క గదిలో నేను పాఠం చెబుతూనే ఉన్నాను. నన్ను ఫొటో తీసుకుంటానని ఇన్నేళ్ళలో ఒక్కరూ రాలేదు.

తోడికోడలంటే నా మరిది భార్య. ఒకే ఇంట్లో మేం పైన, వాళ్ళు కింద. మా అత్తగారు కిందే ఉంటుంది. మెట్లెక్కలేనంటుంది గానీ, మేడ మీద ఆరేసిన దుప్పటి ఎగిరిపోతుందంటే రెండేసి మెట్లెక్కి వస్తుంది. ఆవిడ కింద ఎందుకుంటుందో నాకు తెలుసు.

ఈ ఉద్యోగం తనకి వేయించింది నేనే. పన్నెండేళ్ళ కిందట ల్యాబ్‌లో మనిషి కావాలంటే, "మా ఇంట్లో ఒకమ్మాయి ఉంది, డిగ్రీ చదివింది, చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది" అని హెడ్డుగారితో నేనే మాట్లాడాను. ఏకు మేకవుతుందని అప్పుడు తెలియలేదు. ఆ ఉద్యోగం ఇప్పటికీ పర్మనెంట్ కాలేదు. ఏడాదికోసారి రెన్యూ చేస్తారు, చెయ్యకపోతే ఇంటికే. క్యాంపస్‌లో నన్ను "మేడమ్, మీరు" అంటుంది. ఇంటికొస్తే "అక్కా, నువ్వు" అంటుంది. ఒక్కసారి కూడా అటూ ఇటూ కాలేదు. ఎక్కడా తప్పు దొరకని మనిషితో ఒకే కప్పు కింద బతకడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

వ్యాఖ్యలు వచ్చిన ఆదివారం మా మరిది ట్యాబ్ పట్టుకొచ్చి అత్తగారికి మొదటి పాఠం చూపించాడు. అందరం కింద హాల్లోనే ఉన్నాం.

"ఇవి చిన్నదాని చేతులు కదూ!" అంది అత్తగారు, బొమ్మ పడిందో లేదో. "ఆ వేళ్ళు చూడండర్రా. అది ఏది ముట్టుకున్నా ఓ తీరు వస్తుంది."

పాఠం పది నిమిషాలు. తొమ్మిది నిమిషాలు రెప్ప వెయ్యకుండా చూసి, అప్పుడు నా వైపు తిరిగింది.

"ఇంతకీ మధ్యలో ఈ మాట్లాడేదెవరే?"

అందరూ నవ్వారు. మా ఆయన అయితే "అమ్మా, అది నీ పెద్దకోడలే" అని చెప్పి మరీ నవ్వాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నా తోడికోడలు నవ్వనైనా లేదు. తల దించుకుని ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నవ్వినా బాగుండేది. ఏడవడానికి నాకొక సాకైనా దొరికేది.

పైకొచ్చాక మా ఆయన్ని అడిగాను.

"నా చేతులు ఎలా ఉంటాయి?"

"దేనికి?"

"ఊరికే."

ఆయన పేపర్లోంచి తలెత్తి చూశాడు. "చేతుల్లాగే ఉంటాయి," అన్నాడు.

ఆ వారమే యూనివర్సిటీ ఒక కొత్త పోస్టు ప్రకటించింది. ప్రాక్టికల్ ఇన్‌స్ట్రక్టర్. పర్మనెంటు. ఆన్‌లైన్ విద్యార్థులకి ప్రయోగాలు నేర్పడమే పని. అర్హతల్లో ఒక షరతు ఉంది. కనీసం మూడు ఆన్‌లైన్ పాఠాల్లో బోధించినవాళ్ళ కింద పేరు ఉండాలి. మా వీడియోలకి అప్పటికింకా పేర్లు వెయ్యలేదు. మూడో పాఠం పూర్తయ్యాక మూడింటికీ కలిపి వేద్దామనుకున్నాం. ఎవరి పేరు వెయ్యాలో రాసిచ్చేది నేను.

మర్నాడు ల్యాబ్ వెనక గదిలో స్లైడ్లు తుడుస్తూ తనే కదిపింది. తను నోరు తెరిచి నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"మేడమ్, పాఠాల చివర పేర్లు వేస్తారు కదా. నా పేరు కూడా వేస్తారా?"

"దేనికి?"

"ఆ కొత్త పోస్టుకి పెట్టుకుందామని. మూడు పాఠాల్లో పేరుంటే చాలంట. రెండు ఎలాగూ అయిపోయాయి. ఉల్లి వేరుది మూడోది."

"చూద్దాంలే."

"ఈ ఏడాదితో నాకు వయసు దాటిపోతుంది మేడమ్. ఇది పోతే మళ్ళీ రాదు."

"చూద్దామన్నాను కదా," అన్నాను. విసుగు వినబడింది. వినబడాలనే అన్నాను.

తను ఇన్‌స్ట్రక్టర్ అయితే స్టాఫ్ రూములో నా పక్కనే కుర్చీ వేస్తారు. పిల్లలు వచ్చి "మేడమ్" అంటే ఇద్దరం తలెత్తాలి, వాళ్ళు పిలిచింది తననే అయ్యుంటుంది. ఇంట్లో చాలదన్నట్టు ఇక్కడ కూడానా? ఆ ఆలోచనతోనే అనేశాను.

"ఉల్లి వేరు పాఠంలో చేతులు నేనే పెడతాను. నీకెందుకు శ్రమ. నువ్వు పెట్టెలు సర్దు చాలు."

తన చేతిలో గుడ్డ ఒక్క క్షణం ఆగింది.

"సరే మేడమ్," అంది.

ఎదురు తిరిగి ఒక్క మాట అని ఉంటే నేను వెనక్కి తగ్గేదాన్నేమో. ఆ "సరే" ఉంది చూశారూ, అది ఒంటికి కారం రాసినట్టుంటుంది.

ఉల్లి వేరు ప్రయోగం వినడానికి తేలిక. నీళ్ళ గ్లాసు మీద ఉల్లిపాయ కూర్చోబెడితే తెల్లటి వేళ్ళు దిగుతాయి. ఆ వేరు కొసన, కొసంటే ఆవగింజంత మేర, కణాలు ఒకటి రెండవుతూ ఉంటాయి. ఈ విభజన పొద్దునపూట జోరుగా ఉంటుంది కాబట్టి పొద్దున్నే వేళ్ళు కోసి, కణాల్ని ఉన్నవున్నట్టు ఆపేసే మందులో వెయ్యాలి. తర్వాత రంగులో నానబెట్టి, ఆ ఆవగింజంత కొస మాత్రం తీసుకుని, మిగతాది పారేసి, స్లైడు మీద పెట్టి, పైన పల్చటి గాజురేకు వేసి బొటనవేలితో నొక్కాలి. రేకు పక్కకి జరగకూడదు. అన్నీ కుదిరితే మైక్రోస్కోపులో క్రోమోజోములు కనబడతాయి. ఒక కణంలో బారులు తీరి ఉంటాయి, ఇంకో కణంలో చీలి చెరోవైపుకీ వెళ్తుంటాయి. ఇదంతా నేను పందొమ్మిదేళ్ళు బోర్డు మీద బొమ్మలేసి చెప్పాను. నా అంత బాగా చెప్పేవాళ్ళు ఇంకొకరు లేరు, ఇప్పటికీ అదే మాటంటాను. చెయ్యడం వేరే సంగతి. క్లాసులో స్లైడు ఎప్పుడూ తయారై నా బల్ల మీదకి వచ్చేది.

అరవై మందికి పంపాల్సిన పెట్టెల కోసం వేళ్ళు కోసిన రోజు తను ఆరున్నరకే ఇంట్లోంచి వెళ్ళిపోయింది. నాకు బాగా గుర్తు. అత్తగారి మందులు, నీళ్ళ మోటారు, పాలు అన్నీ ఆ పూట నా నెత్తిన పడ్డాయి. సణుక్కుంటూ ఎనిమిదింటికి నేను ల్యాబ్‌కి వెళ్ళేసరికి అరవై చిన్న సీసాల్లో వేళ్ళు మునిగి, మూతలు బిగించి, చీటీలు అతికించి, వరసగా నిలబడి ఉన్నాయి.

రెండు రోజుల తర్వాత షూటింగ్. మా కెమెరామన్‌కి పొట్ట దాకా గడ్డం ఉంటుంది, అందుకని అందరం గడ్డంగారనే అంటాం. ఆయన మాట్లాడేది తక్కువ. ఆ రోజు ఇంకా తగ్గించేశాడు.

మొదటిసారి వేరు కొస సూది మీంచి జారి ఎక్కడో పడిపోయింది. వెతికినా దొరకలేదు. రెండోసారి గాజురేకు పుటుక్కుమంది. మూడోసారి రేకు జారిపోయి ముక్క పచ్చడయింది. "సూది మొండిగా ఉంది" అన్నాను, సూది మార్చారు. "లైటు కళ్ళలో పడుతోంది" అన్నాను, లైటు జరిపారు. తర్వాత కుర్చీ ఎత్తు, ఆ తర్వాత ఫ్యాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ రోజు నేను మార్పించని మద్దెల లేదు. పదకొండోసారీ అంతే.

ఆవగింజంత ముక్క నా చేతికి చిక్కేలా లేదు. అందుకని చిటికెనవేలి గోరంత ముక్క కోశాను. అది బుద్ధిగా సూది మీద కూర్చుంది. నొక్కితే కదల్లేదు.

"ముక్క కొంచెం పెద్దదేమో మేడమ్," అన్నాడు గడ్డంగారు. "ఆవిడ ఇంతే తీస్తారు." వేలి కొస చూపించాడు.

"జీవశాస్త్రం మీరు చెబుతారా, నేను చెప్పనా?"

ఆయన నోరు మూసుకుని బటన్ నొక్కాడు.

నేను చేసిన స్లైడుని మైక్రోస్కోపులో పెట్టి చూశాను. ఇటుకల గోడలాగ పొడుగు కణాలు ఉన్నాయి. ఒక్కటీ విడిపోవడం లేదు. ఆ కొస దాటాక వేరులో కణాలు పొడుగవుతాయి గానీ విడిపోవు, ఆ సంగతి నేనే ఏటా పరీక్షలో ప్రశ్నగా ఇస్తాను. అయినా ఆ ముక్క మళ్ళీ కోయడానికి నాకు మనసొప్పలేదు. తను చేసి పెట్టుకున్న స్లైడ్ల పెట్టె తెరిచి అందులోంచి ఒకటి తీశాను. కన్ను పెడితే చాలు, ఎక్కడ చూసినా క్రోమోజోములే. దాన్నే వీడియోలో అతికించాం. టీవీలో వంట చేసేవాళ్ళు పొయ్యి మీద ఒకటి పెట్టి, పక్కనుంచి ముందే వండినది తీసి చూపిస్తారే, అదే పని. నా చేతులు నొక్కుతాయి, వెంటనే తన స్లైడు వెలుగుతుంది. అతుకు ఎవరికీ కనబడదు.

పేర్ల దగ్గర "రచన, బోధన, ప్రదర్శన" అని నా పేరొక్కటే వేయించాను. మూడు పాఠాలకీ అదే. కింద చిన్నక్షరాల్లో "ప్రయోగశాల సిబ్బందికి కృతజ్ఞతలు" అని పెట్టాను. ఆ వీడియోలు తను చూసిందని నాకు తెలుసు, ఎందుకంటే ఆ సాయంత్రం తను నాతో మాట్లాడలేదు. కానీ తీగ మీది నా బట్టలు మాత్రం రోజూలాగే తీసి, మడతపెట్టి, పైకి పంపింది. ఆ మడతల్ని చూస్తుంటే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

పెట్టెలు వెళ్ళాయి. వారానికల్లా ఫొటోలు రావడం మొదలైంది. పువ్వు పాఠంలో అరవై మందిలో యాభై రెండు మందికి సరిగ్గా వచ్చింది. ఈసారి ముగ్గురికే వచ్చింది. మిగతా యాభై ఏడు ఫొటోల్లోనూ గులాబీరంగు ఇటుకల గోడే. స్క్రిప్టులో నేను "వేరు కొసన ఉన్న చిన్న ముక్క" అని స్పష్టంగానే చెప్పాను. చిన్నదంటే ఎంతో వాళ్ళు నా మాటల్లో వెతుక్కోలేదు, నా చేతుల్లో చూసుకున్నారు.

సరిగ్గా వచ్చిన ముగ్గురిలో ఒక అమ్మాయి ఫొటో కింద ఇలా రాసింది. "వీడియోలోలాగే కోస్తే రాలేదు. పోయిన పాఠాల్లో చేతులావిడ ఎంతెంత చిన్న ముక్కలు తీసేదో గుర్తు తెచ్చుకుని మళ్ళీ కోశాను, వచ్చింది. ఈ చేతులు ఎవరివో గానీ ఆవిడవి కావు."

వ్యాఖ్యల్ని దాచిపెట్టే అధికారం నాకుంది. దాచేశాను.

రెండు రోజులకి హెడ్డుగారు మా ఇద్దర్నీ గదికి పిలిచారు. ఆయన మంచివాడే, కానీ కాగితం మీద ఉన్నదే నమ్ముతాడు. ఫలితాల పట్టిక బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించారు.

"యాభై ఏడు మందికి ఒక్క కణం కూడా విడిపోలేదు. పాఠంలో తప్పుండే అవకాశం లేదు, వీడియోలో స్లైడు బ్రహ్మాండంగా ఉంది. అంటే తేడా వేళ్ళలోనే ఉండాలి." తన వైపు తిరిగారు. "వేళ్ళు ఎన్నింటికి కోశావమ్మా?"

మా పనిలో ఆ ప్రశ్నకి చాలా బరువుంది. ఎండెక్కాక కోసిన వేళ్ళతో ఎవరు చేసినా విడిపోయే కణాలు సరిగ్గా దొరకవని ఆయన నమ్మకం. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఒళ్ళో ఫైలు సర్దుకున్నాను. తను ఒకసారి నా వైపు చూసింది. ఆ చూపుతో నాకు అర్థమైపోయింది. వీడియో ఒక్కసారి చూస్తే చాలు, ముక్క సైజు తనకి తెలియకుండా ఉండదు. చివర వెలిగింది తన స్లైడేనన్నది కూడా తెలియకుండా ఉండదు. నోరు విప్పుతుందనుకున్నాను.

"ఆ రోజు ఆలస్యమైంది సార్," అంది తను. "ఎండెక్కాక కోశాను. నాదే పొరపాటు."

హెడ్డుగారు నిట్టూర్చారు. "పన్నెండేళ్ళ అనుభవం ఉండి ఇలాగా? ఆ కొత్త పోస్టుకి కూడా పెట్టుకుంటావని విన్నాను. ఇది ఫైల్లో రాయక తప్పదు. రాశాక ఆ పోస్టు సంగతి మర్చిపోవాల్సిందే. ఈ ఏడు రెన్యూవల్ కూడా నా చేతిలో ఉండదు."

"అర్థమైంది సార్."

అప్పుడు నాకు జాలి కలగాలి. సిగ్గన్నా కలగాలి. నాకు కలిగింది కుళ్ళు. అంతకు ముందెప్పుడూ అంత కుళ్ళు ఎరగను. అత్తగారి దగ్గర తనదే పైచెయ్యి, పిల్లల దగ్గర తనదే పైచెయ్యి, ఆఖరికి నా తప్పు నెత్తినేసుకునే దగ్గర కూడా తనే గొప్పదైపోవాలా? రేపట్నుంచి తను ఇంట్లో కూర్చుంటుంది. నా బట్టలు మడతపెట్టి పైకి పంపిస్తుంది. ఒక్క మాట అనదు. నేను మాత్రం ఎక్కే మెట్టూ దిగే మెట్టూ తన గుమ్మం ముందు నుంచే. తను దేవతలా కూర్చుంటే నేను చచ్చేదాకా తప్పించుకు తిరగాలి. ఆ గొప్పతనం తనకి దక్కనివ్వకూడదనుకున్నాను. ప్రమాణం చేసి చెబుతున్నాను, అది తప్ప నా మనసులో ఇంకో ఆలోచన లేదు.

"అబద్ధం," అన్నాను.

హెడ్డుగారు ఉలిక్కిపడ్డారు. "ఏమిటి మేడమ్?"

"ఈవిడ చెప్పేది అబద్ధం. ఆ రోజు ఆరున్నరకి ఇంట్లోంచి వచ్చేసింది, ఎనిమిదికల్లా అరవై సీసాలూ మూతలేసి ఉన్నాయి. నా కళ్ళతో నేను చూశాను. తప్పు ఉల్లి వేళ్ళది కాదు, చేతులది. వీడియోలో చేతులు నావి. చిన్న ముక్క కోయడం నాకు చేతకాక పెద్దది కోశాను. పిల్లలు నన్ను చూసి పెద్ద ముక్కలు కోసుకున్నారు. చివర్లో చూపించింది ఈవిడ చేసిన స్లైడు. ఒకమ్మాయి అది కనిపెట్టి రాస్తే దాచేశాను. మూడు పాఠాల్లోనూ ఈవిడ పేరు లేకుండా చేసింది కూడా నేనే."

హెడ్డుగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది మీ ఫైల్లో రాయాల్సి వస్తుంది మేడమ్. మిగతా తొమ్మిది పాఠాలకీ మీరొక్కరే ఇన్‌ఛార్జిగా ఉండటం కుదరకపోవచ్చు."

"రాయండి."

"మూడో పాఠం ఈవిడ చేతులతో మళ్ళీ తీయండి. మూడింట్లోనూ బోధన కింద ఈవిడ పేరు వెయ్యండి. పోస్టు గడువు ఇంకా నాలుగు రోజులుంది." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంటూ అన్నారు. "కానీ మేడమ్, ఎవరూ అడక్కుండా ఇలా ఒప్పుకోవడానికి చాలా పెద్ద మనసుండాలి."

పెద్ద మనసు! నా జన్మలో నన్నెవరూ ఆ మాట అనలేదు. పక్కకి చూశాను. తోడికోడలు మొహం కందిపోయి ఉంది. కృతజ్ఞత కాదది. పెదవులు బిగబట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఇంటికెళ్ళేటప్పుడు ఇద్దరం ఒకే బస్సెక్కాం. ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. బస్సు కదిలాక తను అడిగింది.

"ఎందుకు చెప్పావక్కా?"

"నిజం కాబట్టి."

"నిజమంట! ఆ నిజం నీకు పది రోజుల నుంచీ తెలుసుగా. నేను తప్పు మీదేసుకున్నాకే గుర్తొచ్చిందా?"

నేను కండక్టర్ని పిలిచి ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాను.

"నీ మీద ప్రేమతో ఒప్పుకున్నాననుకున్నావా ఏంటి?" అంది.

"కాదా?"

"ఏం కాదు. ఉద్యోగం పోతే పోయింది, జన్మంతా నువ్వు నా మొహం చూడలేక కుమిలిపోతావని ఒప్పుకున్నా. ఎంత కష్టం మీద నోరు తెరిచానో నాకే తెలుసు. అదీ దక్కనివ్వలేదు నువ్వు. ఆయన చేత పెద్ద మనసని కూడా అనిపించుకున్నావు."

ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. తను గొంతు తగ్గించింది.

"నువ్వు క్లాసులో చెబుతుంటే తలుపు వెనక నిలబడి వినేదాన్ని, తెలుసా? సీసాలు కడుగుతున్నట్టు నటిస్తూ. పన్నెండేళ్ళు విన్నా. ఆ మాటలు నీకెక్కడ్నుంచి వస్తాయో తెలీదు. నలుగురు నా వైపు చూస్తే నాకు నాలుక పిడచగట్టుకుపోతుంది. అత్తయ్య నా చేతుల్ని మెచ్చుకుంటే నాకేం ఒరిగింది? కూరగాయలు తరిగినా అలాగే మెచ్చుకుంటుంది. నువ్వు నోరు తెరిస్తే పిల్లలు పెన్నులు పట్టుకుంటారు. నీ గొంతంటే నాకెంత కుళ్ళో నీకేం తెలుసు."

నిజంగానే నాకు తెలియదు. పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే ల్యాబ్‌లో పనిచేశాం. నా కుళ్ళు చూసుకోవడంతోనే సరిపోయింది నాకు.

తను సంచిలోంచి ఒక కాగితం తీసి నా ఒళ్ళో పడేసింది. పోస్టు దరఖాస్తు. పేరూ చదువూ అన్నీ నింపి ఉన్నాయి. ఒక్క గడి ఖాళీ. అభ్యర్థి బోధన గురించి పాఠాల ఇన్‌ఛార్జి తన చేత్తో రాసి సంతకం పెట్టాలి.

"రాయి," అంది. "నా ముందే రాయి. ఇంటికెళ్తే నీ మనసు మారుతుంది."

పెన్ను తీశాను. మాటల కోసం నేనెప్పుడూ వెతుక్కున్నదాన్ని కాదు, ఆ రోజు వెతుక్కున్నాను. బస్సు ఒక స్టాపులో ఆగి, జనం దిగి, మళ్ళీ కదిలేదాకా కాగితం వంకే చూస్తూ కూర్చున్నాను. తర్వాత రాశాను. "నేను చెప్పింది యాభై ఏడు మందికి అందలేదు. ఈమె మాట్లాడకుండానే నేర్పింది." కింద సంతకం పెట్టాను.

తను కాగితం తీసుకుని చదివింది. మళ్ళీ చదివింది. కన్నీళ్ళు పెట్టుకుంటుందేమో, పెట్టుకుంటే ఏం చెయ్యాలా అని కంగారుపడ్డాను.

"చూశావా," అంది చివరికి, కాగితాన్ని జాగ్రత్తగా మడుస్తూ. "రెండే రెండు ముక్కలు. ఎంత బాగా రాశావో. పేజీలు నింపినా నాకు ఇలా రాదు."

ఆ గొంతులో మెచ్చుకోలు లేదు. అచ్చమైన కుళ్ళు ఉంది. మా స్టాపు వచ్చేదాకా నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.